పేరు చెప్పని ప్రార్థన

“ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి. ఎవరికో వినిపించడానికి అన్నట్టు వద్దు.”

మా యాప్ తెరవగానే కనిపించే ఈ రెండు వాక్యాలు రాసింది నేనే. అంతకుముందు అక్కడ ఉన్నదాన్ని మా యంత్రం రాసింది. “సహజ సంభాషణా శైలిని అవలంబించగలరు” అని ఉండేది. అది చదివితే ఎవరూ నోరు విప్పరని మా సార్‌తో చెప్పాలనుకుని, చెప్పలేక చాలా రోజులు తిరిగాను. చివరికి కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, “ఇంత చిన్న సంగతికి కాగితమెందుకమ్మా, నోరుండాది కదా” అన్నారు.

మా ఆఫీసు బెంగళూరు మారతహళ్ళిలో ఒక మందుల షాపు పైన ఉండేది. ఫోన్‌లో తెలుగులో ఏదైనా అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే యంత్రాన్ని మేం తయారు చేస్తున్నాం. యంత్రమంటే కనిపించేదేమీ లేదు. ఎక్కడో కంప్యూటర్లలో ఉంటుంది. దానికి భాష నేర్పడానికి మనుషుల మాటలు కావాలి. ఆ మాటల్ని జనం తమ ఫోన్లలో రికార్డు చేసి యాప్ ద్వారా పంపేవారు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఉన్నదున్నట్టు టైపు చేసేదాన్ని. మధ్యలో దగ్గితే దగ్గు అని, కుక్కర్ కూస్తే కూత అని రాయాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరెవరి ఇళ్లలోనో కూరగాయల ధరలు, అత్తగార్ల మోకాళ్ల నొప్పులు, పిల్లల మార్కులు. వినగా వినగా నాకు ఒక అలవాటు వచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ ఏదైనా అంటే దాన్ని లోపల టైపు చేసుకునేదాన్ని. జవాబు చెప్పాలని గుర్తుండేది కాదు.

“నీకే చెప్తాండేది, గోడకు కాదు” అనేది అమ్మ.

నేను అప్పుడు తలూపేదాన్ని.

సార్‌ది హిందూపురం. తెలుగు పని మొత్తం ఆయనే చూసేవారు. కొత్తగా ఎవరు చేరినా వాళ్లకు ఒకటే చెప్పేవారు. “పెద్ద కంపెనీలోళ్ల కాడ అచ్చయిన తెలుగంతా ఉండాది. పేపర్లు, పుస్తకాలు, అన్నీ తినేసినారు. వంటింట్లో మాట మాత్రం ఇంకా తినలేదు. అదొక్కటే మన ఆస్తి.” మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ మాట నచ్చింది. నేను ఇంట్లో తలగడ కింద పుస్తకం పెట్టుకుని చదివే మనిషిని. అచ్చయినదంతా ఎవరో తినేశారంటే కొంచెం భయమేసింది కూడా.

అమ్మ నర్సు. మహదేవపురలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో పగటి డ్యూటీ చేస్తుంది. నాన్న పోయాక ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటి హాల్లో ఆడవాళ్ల ప్రార్థన కూడిక మొదలైంది. మా చర్చి సంఘంలోని వాళ్లే, ఎక్కువమంది నర్సులు, టీచర్లు. కూడికలో ఒక పద్ధతి ఉంది. ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అవసరతలు చెబుతారు. ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఎవరి కూతురికి సంబంధం చెడిపోయింది. తర్వాత ఒకరు అందరి తరఫునా గట్టిగా ప్రార్థిస్తారు. పేరు పెట్టి ప్రార్థించాలి. ఊరు, వీధి, జబ్బు, వాడే మందు కూడా వస్తాయి. దేవుడు తప్పు ఇంటికి వెళ్తాడేమో అన్నట్టు అన్నీ వివరంగా చెబుతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి అందులో నాకు వింతేమీ కనిపించేది కాదు.

యాప్‌కు మాటలు పంపిన వాళ్లకు గంటకింత అని కంపెనీ ఇచ్చేది. సంఘంలో ఫ్యాన్లు పాడయ్యాయి. ఆ డబ్బుతో కొత్తవి కొనొచ్చని అమ్మకు తోచింది. రెండు రోజులు ఫోన్ ముందు కూర్చుని చూసింది. పప్పు ఎలా వండాలో చెప్పి ఆపేసింది. “ఒక్కదాన్నే మాట్లాడాలంటే గోడతో మాట్లాడినట్టుండాది. నువ్వయితే మాట్లాడవు” అంది. ఆ శనివారం ఫోన్‌ను బైబిలు పక్కన ఆన్ చేసి పెట్టింది. వచ్చినవాళ్లంతా యాప్‌లో ‘సరే’ అన్నచోట వేలు నొక్కారు. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడమని కదా రాసి ఉంది. వాళ్లు అలాగే మాట్లాడారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. పాటలు పంపుతున్నారేమో అనుకున్నాను. ఇంటివాళ్ల రికార్డింగులు ఎవరూ తామే టైపు చేయకూడదని ఆఫీసులో నియమం. కాబట్టి అవి వేరే ఊళ్లో ఎవరి చెవుల్లోకో వెళ్లిపోయాయి. నాకు వినే పని పడలేదు.

చిక్కపేటలో రెండు ఫ్యాన్లు కొని, అమ్మా వాళ్లూ మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఇప్పటికీ ఆదివారం ఆరాధనలో మా తలల మీద తిరిగేవి అవే.

సార్ మాత్రం ఆ రికార్డింగులు విన్నారు. “మీ ఇంటివి బంగారమమ్మా. ఒక్కరు కూడా యాక్టింగ్ చేయలేదు. ఏడుపుండాది, ఆశ ఉండాది, ఆ గొంతు ఎక్కడం దిగడం ఉండాది. ఇట్లాంటిది ఎవురి కాడా లేదు” అన్నారు. ఆయన హిందువు. గౌరవంగానే అన్నారు.

మా మేడ మీద ఒకే ఒక్క గది ఉంది. అందులో ఒక అక్క ఉంటుంది. అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. కోస్తా వైపు ఊరు. ఒక బ్యాగుతో వచ్చింది. భర్త కొట్టేవాడు. ఒకసారి చేయి విరిగింది. ఆమె ఏ రాష్ట్రంలో ఉందో కూడా అతనికి తెలియదు. పుట్టింటివాళ్లకు చెబితే అతనికి తెలిసిపోతుందని వాళ్లకూ చెప్పలేదు. అమ్మకు తప్ప ఆ విషయం ఎవరికీ తెలియకూడదు. అమ్మకు తెలిసింది కాబట్టి కూడికలో అందరికీ తెలిసింది. అక్కకు అందులో అభ్యంతరం లేదు. కూడికలో చెప్పింది కూడికలోనే ఉంటుందని ఆమె లెక్క. ఆ హాలు గుమ్మం దాటి ఇన్నేళ్లలో ఏ సంగతీ బయటకు పోలేదు. అది నిజమే.

అక్క ఎప్పుడూ గట్టిగా ప్రార్థించేది కాదు. నేనూ అంతే. గుమ్మం పక్క బల్ల మీద ఇద్దరం కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లం. నేను పుస్తకాలు చదువుతానని ఆఫీసులో ఎవరికీ తెలియదు. అక్కకు తెలుసు. మెట్ల మీద ఎదురుపడితే, “ఏమే, ఈ వారం ఎవరు పోయారు నీ పుస్తకంలో?” అని అడిగేది. నేను చెప్పేదాన్ని. నేను పూర్తిగా మాట్లాడే మాటలు ఆ రోజుల్లో అవే.

ఒక పెద్ద కంపెనీ తమ ఫోన్లలో తెలుగులో మాట్లాడే యంత్రాన్ని ఉచితంగా పెట్టింది. దాని తెలుగు మా దానికన్నా పొడిగా ఉండేది. అయినా ఉచితం. మాకు డబ్బిచ్చే దుకాణాలు, చిన్న బ్యాంకులు ఒక్కటొక్కటే మానేశాయి. చివరికి ఒక బియ్యం హోల్‌సేల్ దుకాణం మిగిలింది. ఆ యజమాని కూడా సార్‌కు ఫోన్ చేసి, “మీది బాగుండాదప్పా, ఇంట్లో మనిషి మాట్లాడినట్టుండాది. కానీ ఊరికే వచ్చేది వదిలేసి మీకిస్తే నా కొడుకు నన్ను తిడతాడు” అన్నాడట. సార్ ఆ మాట మాకు నవ్వుతూ చెప్పారు. ఆ నెలలో ఆఫీసులో కాఫీ మిషన్ తీసేశారు. అందరం ఎవరి ఫ్లాస్కులు వాళ్లం తెచ్చుకున్నాం.

తర్వాత కంపెనీని అమ్మేస్తున్నారని తెలిసింది. కొనేవాళ్లు కూడా యంత్రాలు చేసేవాళ్లే, మాకన్నా చాలా పెద్దవాళ్లు.

“వాళ్లకు మన యంత్రం వద్దంట” అన్నారు సార్. “వాళ్లది వాళ్లకుండాది. మన రికార్డింగులు కావాలంట. అవి మళ్లీ మొదట్నుంచి టైపు చేయించుకుంటారంట, వాళ్ల పద్ధతిలో.”

“ఎవరితో సార్?”

“ఆంధ్రాలో ఇంట్లో కూర్చుని చేసేటోళ్లు శానామంది ఉండారంట. పల్లెపల్లెలో.”

కొనేవాళ్ల లాయర్లు ఒక షరతు పెట్టారు. కొత్త చట్టం వచ్చింది. ఒక మనిషి వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పించాలి. ఒప్పుకున్నవాళ్లు తర్వాత వద్దన్నా వినాలి. మేం ముందు తీసుకున్న ‘సరే’లు చాలవన్నారు. రికార్డింగులో మాట్లాడిన ప్రతి ఒక్కరికీ నోటీసు తెలుగులో చదివి వినిపించి, మళ్లీ అవుననిపించుకోవాలి. ఒక రికార్డింగులో పదిమంది ఉండి ఒక్కరు కాదన్నా ఆ రికార్డింగు మొత్తం వదిలేయాలి. బెంగళూరు ఇళ్ల బాధ్యత నాకిచ్చారు. అపరిచితులకు ఫోన్ చేయడమంటే నాకు భయం. రెండో వారానికి అది కూడా అలవాటైంది. చదివేదాన్ని, వాళ్లు అన్నది రికార్డు చేసేదాన్ని, తర్వాతి నంబరు.

“మీ ఇంటివి ముందు కానిచ్చేయమ్మా. సులువు కదా” అన్నారు సార్. “అవి లేకుంటే వాళ్లు ధర సగానికి తెస్తారు. జీతాలన్నా ఇచ్చి మూయాల కదా.”

అప్పుడే, మా రికార్డింగులతో ఎంత బాగా మాట్లాడుతుందో కొనేవాళ్లకు చూపించడానికి యంత్రాన్ని ఒకసారి పరీక్షించమన్నారు. పరీక్ష అంటే వందరకాల ప్రశ్నలు అడిగి జవాబు సరిగా ఉందో లేదో రాయడం. మహదేవపుర నుంచి మెజెస్టిక్‌కు బస్సు ఎలా అని అడిగాను. చెప్పింది. నిమ్మకాయ పచ్చడిలో ఉప్పెంత అని అడిగాను. చెప్పింది. బాధలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడుతుందో చూడాలి కాబట్టి, “నాకు భయంగా ఉంది, ఏం చేయాలో తెలియడం లేదు” అని టైపు చేశాను.

అది ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. రెండు వాక్యాల తర్వాత దాని భాష మారింది. ప్రేమగల తండ్రీ అంది. మేడ మీద నీవు దాచిన మా బిడ్డను ఆ భర్త కంటబడనీయకుము అంది. అక్క పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది. ఆసుపత్రి పేరు, ఆ విరిగిన చేయి, అన్నీ చెప్పింది. అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడ వాక్యం ఆపింది.

అది అమ్మ మాటలని, నేర్చుకున్నదాన్ని యంత్రం ఉన్నదున్నట్టు అప్పజెప్పిందని నాకు వెంటనే తెలిసింది. మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఈసారి ఊరి పేరు తప్పు చెప్పింది, అక్క పేరు సరిగా చెప్పింది. ఇంకోసారి అడిగితే మామూలు జవాబు చెప్పింది. నీళ్లు తాగి వచ్చాను. పరీక్ష రాసుకునే చోట “సరికాదు” అని రాశాను. అంతకన్నా రాయడానికి అక్కడ చోటు లేదు.

సార్ గదికి వెళ్లి ఈసారి కాగితం ఇవ్వలేదు. ఫోన్ చూపించాను. ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలారు.

“ఈమె నిజంగా ఉండాదా?”

“మా మేడ మీద ఉంటుంది సార్.”

“రికార్డింగులో ఆమె గొంతుండాదా?”

“లేదు సార్. ఆమె మాట్లాడదు. ఆ రోజు డ్యూటీలో ఉంది, ‘సరే’ కూడా నొక్కలేదు.”

“అదే చూడు” అన్నారు. “మాట్లాడినోళ్లు వేరే, మాటలో ఉండేటోళ్లు వేరే. లాయర్లు అడిగింది మాట్లాడినోళ్లను.” ఫోన్ బల్ల మీద పెట్టి, “యంత్రం పోతాదిలే, దాన్ని ఆపేస్తాం, ఎట్లాగూ ఎవురూ కొనరు. రికార్డింగుల్లో ఎక్కడో ఒక మూల ఒక పేరు. వెయ్యి గంటల్లో ఎవురు పట్టుకుంటారు?” అన్నారు.

“టైపు చేసేవాళ్లు వింటారు సార్. నేను రోజూ వింటున్నాను కదా.”

ఆయన ఫోన్ నాకు తిరిగి ఇచ్చారు. “ఆమెను ఒక దరఖాస్తు పెట్టమను. చట్టంలో ఉండాది. నా వివరాలు తీసేయండి అని అడగొచ్చు” అన్నారు. ఆ దరఖాస్తు నమూనా తెరిచి చూశాను. మొదటి గడిలో పూర్తి పేరు. రెండో గడిలో చిరునామా. తర్వాత ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు. దాన్ని కొనేవాళ్లకు కూడా పంపాలి.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీదకు వెళ్లాను. అక్క తాడు మీద నుంచి యూనిఫాం బట్టలు తీసి మడత పెడుతోంది. ఒక చెయ్యి పూర్తిగా పైకెత్తలేదు కాబట్టి తాడు కిందికి కట్టుకుంది.

“ఎవరు పోయారు ఈ వారం?” అంది.

నేను చెప్పాను. ఫోను, బైబిలు పక్కన పెట్టడం, యంత్రం, అది చెప్పిన మాటలు, అమ్మకం, దరఖాస్తు. ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. ఆమె మడతలు ఆపలేదు.

“మా ఊళ్లో డిగ్రీ చదివిన ఆడపిల్లలంతా చేసేది ఇదే” అంది చివరికి. “హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరండాలో కూర్చుంటారు. మా ఆడపడుచు పెళ్లికి ముందు అదే పని చేసేది. మా చర్చి పిల్లలే సగం మంది. మీ అమ్మగారి ప్రార్థన వింటే ఒక్క నిమిషంలో పోల్చేస్తారు, ఇది మన అమ్మాయే కదా అని. చెడ్డ బుద్ధితో కూడా కాదు. సంతోషంగా వెళ్లి చెప్తారు, బతికే ఉందండీ అని.”

“దరఖాస్తు పెడితే...”

“నా పేరు, అడ్రసు రాసిచ్చి, వీటిని ఎవరికీ చెప్పకండి అని అడగాలా?” అని నవ్వింది. మామూలుగా నవ్వినట్టే నవ్వింది. “ఎన్ని రోజులుంది?”

“నెలాఖరు దాకా.”

“అయితే సామాన్లు సర్దుకోవాలా, వద్దా అనేది నెలాఖరుకి తెలుస్తుంది” అని, మడతపెట్టిన బట్టలు పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను తాడు మీద మిగిలిన క్లిప్పులు తీసి డబ్బాలో వేశాను.

అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. అమ్మ బియ్యం కడుగుతోంది. నీళ్లు వంచేసి, మళ్లీ పోసి, మళ్లీ వంచింది.

“నేను దేవునికి చెప్పుకున్నా” అంది.

“ఫోన్ పక్కనే ఉందమ్మా.”

“మీరే కదా రాసినారు, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడమని. ఇంట్లో నేనింకెట్ల మాట్లాడతా?”

నేను ఆ వాక్యం రాసింది నేనేనని చెప్పలేదు. చెప్పినా అమ్మ ఏమీ అనేది కాదు. ఆ రాత్రి అన్నం మెత్తగా అయింది. తినేశాం.

శనివారం కూడికలో పాట అయ్యాక అమ్మ నన్ను లేచి చదవమంది. అక్క ఆ రోజు కావాలనే డ్యూటీ మార్పించుకుని వెళ్లిపోయింది. నేను హాలు మధ్యలో నిలబడి నోటీసు చదివాను. నా గొంతు నాకే టైపు చేసుకుంటున్న మాటలా వినిపించింది. చదవడం అయ్యాక, మీరు కాదంటే ఈ ఇంటి రికార్డింగులన్నీ తీసేస్తారని, అవునంటే వేరేవాళ్లు వాటిని వింటారని, వాటిలో ఎవరి సంగతులున్నాయో మీకు తెలుసునని చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. అక్కర్లేకపోయింది. అందరూ పైకప్పు వైపు చూశారు.

మాలో అందరికన్నా పెద్దామె ఒకావిడ ఉంది. బెంగళూరులోనే పుట్టి పెరిగింది. ఒక బడిలో ఆయాగా చేసి మానేసింది. ఆవిడ ముందు మాట్లాడింది.

“నేను వద్దంటే ఫ్యాన్లు పీక్కపోతారా ఏమప్పా?”

“లేదు అవ్వా. ఇచ్చింది ఇచ్చినట్టే.”

“సరిపోయింది. సెకలో కూర్చుని స్తోత్రం చెప్పాలంటే బేజారు.” కొందరు నవ్వారు. “నా కోడలి సంగతి కూడా ఉండాది దాంట్లో. దాని ఆపరేషన్ సంగతి. దానికి తెలిస్తే నాకు అన్నం పెట్టదు.”

టీచరుగా చేసే ఆంటీ, “మా తమ్ముడి సంగతి చెప్పాను నేను. పోలీసు కేసు” అని నేల చూసింది. ఇంకొకామె ఏదో గుర్తు చేసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలా ఒక్కొక్కరికీ ఎవరిదో ఒకరిది గుర్తొచ్చింది. ఎవరూ తమ సంగతి చెప్పుకోలేదు. అన్నీ ఇతరులవే. ఆ ఇతరులెవరూ ఆ హాల్లో ఎప్పుడూ అడుగుపెట్టినవాళ్లు కాదు. ఏ యాప్‌లోనూ వేలు నొక్కినవాళ్లు కాదు.

“నీ ఉద్యోగమో?” అని అడిగింది అవ్వ నన్ను.

“ఎలాగూ ఉండదు అవ్వా.”

“సాకు, ఇంక చాలు. అయితే వద్దని రాసుకో.”

రాసుకుంటే చాలదు. కాదన్నది కూడా గొంతుతో చెప్పించి యాప్‌లో రికార్డు చేయాలని నియమం. ఫోన్ మళ్లీ బైబిలు పక్కనే పెట్టాను. ఒక్కొక్కరూ దగ్గరికి వచ్చి పేరు చెప్పి, “నాకిష్టం లేదు” అన్నారు. అవ్వ మాత్రం ఫోన్ మీదకు వంగి, “మా మాటలు మాకు వాపస్ ఇచ్చేయండప్పా, మిమ్మల్ని దేవుడు సల్లగా చూస్తాడు” అంది. అమ్మ అందరికన్నా చివర వచ్చింది. ఒక్క ముక్కలో చెప్పి వెళ్లి టీ పెట్టింది.

సోమవారం సార్ అవన్నీ విన్నారు. అవ్వ గొంతు దగ్గర ఒకసారి ఆపి, మళ్లీ విన్నారు.

“ఇది కూడా భలే ఉండాది చూడు” అన్నారు, చాలా నెమ్మదిగా. తర్వాత తనే మా ఇంటి రికార్డింగులు తీసేశారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీశారు. తీసేముందు ఖచ్చితమేనా అని కంప్యూటర్ అడిగింది. ఆయన అవునని నొక్కారు. ముందు టైపు చేసిన కాపీలు, వేరే ఊళ్లోవాళ్లకు పంపినవి, అవి కూడా వెతికి తీయించారు. “నాకు తెలిసినంతలో ఇంకెక్కడా లేదమ్మా” అన్నారు. నాకు తెలిసినంతలో అన్న మాట నేను ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. ఇంకేమీ రాయలేదు.

కొనేవాళ్లు ధర తగ్గించారు. మాకు ఒక నెల జీతం బాకీ పడింది. సార్ తన ఊరికి వెళ్తూ తన కుర్చీని కింద మందుల షాపు అతనికి ఇచ్చేశారు. యంత్రాన్ని ఆపేసిన రోజు ఏమవుతుందో చూద్దామని ఫోన్ తెరిచాను. ప్రశ్న అడిగితే చక్రం తిరుగుతూ ఉంది, అంతే. నేనిప్పుడు ఇంట్లోనే ఉండి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఉచితంగా పెట్టిన ఆ పెద్ద కంపెనీ యంత్రం అమ్మ ఫోన్‌లో తనంతట తానే వచ్చి చేరింది. దానికి అమ్మ ఏమీ చెప్పదు.

అక్క సామాన్లు సర్దలేదు. నెలాఖరు దాటిపోయింది. ఇంకో నెలా పోయింది. వీధిలో ఏదైనా కొత్త బండి ఆగిన చప్పుడైతే మాత్రం ఆమె గది లైటు ఆరిపోతుంది. పది నిమిషాలకు మళ్లీ వెలుగుతుంది.

కూడిక ఆగలేదు. పద్ధతి మారింది. వచ్చినవాళ్లంతా ఫోన్లు ఆపి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వస్తారు. అవసరతలు చెప్పేటప్పుడు, “ఒక కుటుంబం కోసం” అంటారు, “ఒక సహోదరి ఆరోగ్యం కోసం” అంటారు. అమ్మ ప్రార్థన చాలా చిన్నదైపోయింది. “నీకు తెలిసిన బిడ్డ కోసం, నీకు తెలిసిన కష్టం కోసం” అంటూ ఒకదాని తర్వాత ఒకటి దాటిపోతుంది. వింటుంటే అందరి కష్టమూ ఒకేలా ఉంటుంది. నాకు అది పేర్లు చెరిపేసిన దరఖాస్తుల్లా అనిపించేది. అలాగని చెడ్డగా కూడా అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

మొన్న శనివారం అమ్మ అలాగే ముగించింది. ఆమెన్ అన్నాం. అవ్వ లేవబోతూ మోకాలు పట్టుకుంది. అప్పుడు నా పక్కన కూర్చున్న అక్క మాట్లాడింది. కూడికలో ఆమె గొంతు విన్నది అదే మొదటిసారి.

“ఆంటీ, నా పేరు చెప్పలేదు మీరు.”

అమ్మ ఆమె వైపు చూసింది. “ఆయనకు తెలుసులే తల్లీ.”

“ఆయనకు తెలుసు. నాకు వినాలని ఉంది” అంది అక్క. “ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేది మీరొక్కరే. ఆసుపత్రిలో అందరూ సిస్టర్ అంటారు. ఆ శనివారం నుంచి ఎవరూ పిలవలేదు.”

అవ్వ మళ్లీ కూర్చుంది. అమ్మ లేచి వెళ్లి వీధి వైపు కిటికీ మూసింది, తలుపు గడియ వేసింది. వంటింట్లోకి వెళ్లి ఫోన్లన్నీ ఆపి ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూసి వచ్చింది. తర్వాత నేల మీద మోకరించి, ఇదివరకు ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. పేరుతో మొదలుపెట్టింది. ఊరు, ఇంటిపేరు, ఆ మనిషి, ఆ చేయి, ఏ ఎముక, పట్టీ ఎన్నాళ్లు ఉంది, అంతా చెప్పింది. చాలాసేపు పట్టింది. కిటికీ మూయడం వల్ల హాలు ఉక్కగా ఉంది.

నేను కళ్లు మూసుకుని వింటున్నాను. కొంతసేపటికి తెలిసింది, నేను లోపల టైపు చేయడం లేదని.

ప్రార్థన అయ్యాక అక్క వంటింట్లోంచి తన ఫోన్ తెచ్చుకుని, దానికంటిన బియ్యప్పిండి కొంగుతో తుడిచింది. డ్యూటీకి టైమైందని చెప్పి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర నా వైపు తిరిగి, “ఎవరు పోయారు?” అంది.

“ఈ వారం ఎవరూ పోలేదు” అన్నాను.

ఆమె గడియ తీసి కిందికి దిగింది.